నాగమ్మ పేరుకు అడ్డగీత

"తాతా, మన షాపు బోర్డు ఎట్లుందో సూసి సెప్పు. ఫ్లెక్సీవాళ్ళకు సాయంత్రంలోపల సరే అని సెప్పాల."

యాడిది, ఇట్ల తే. ఫోను కొంచెం దూరంగా పట్టు మే, దగ్గర పెడితే నాకు అలికినట్లు కనపడతాది. ఆఁ, ఇప్పుడు తెలుస్తాండాది. రంగు బాగుండాది. పేరు పెద్దగా పెట్టినావు, మంచి పని. ఇంగ్లీషులో నాగమ్మ, కింద సిన్నగా యెమ్మిగనూరు. ఉండుండు. ఇదేంది పాపా, ఈ ఏ అక్షరాలకు అడ్డగీతలు యాడ? నాగమ్మలో మూడు ఏలుండాయి, మూడింటికీ లేదే. వట్టి కొట్టం కప్పులు నిలబెట్టినట్లుండాయి.

స్టైలంటావా? ఎవరు సెప్పినారు నీకు, ఆ ఫ్లెక్సీ పిలగాడా? నవ్వొద్దు. నేను ముప్పై ఏండ్లు అక్షరాలను ఈ వేళ్ళతో ఏరి పేర్చినోన్ని. ఆదోనిలో నాకంటే బాగా అక్షరం పేర్చేవాడు ఉండె అంటే నేనొప్పుకోను. ఆ రోజుల్లో అడుగు ఎవరినన్నా, ఖాదర్ సాబు ప్రెస్సులో రంగన్న అంటే తెలియనోడు లేడు. అట్లాంటి నన్ను, ఇదే పేరు, ఇదే అడ్డగీత కోసం, ఈ నాగమ్మే నిలబెట్టి అడిగింది. మీ అవ్వను కన్న తల్లి. అప్పటికి నాకు అత్త గాదులే, ఎవరో ఏమో. కూర్చో. సాయంత్రానికి ఇంకా సాన టైముండాది.

మాది మగ్గమిల్లే గదా. మా నాయన సిద్దన్న, యెమ్మిగనూరులో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దు గూకేదాకా లేసేవాడు గాదు. నాకు ఆ గుంత అంటే పడేది గాదు. ఎనిమిది దాకా సదువుకున్నా, అక్షరాలంటే పిచ్చి. మా నాయనతో కొట్లాడి బస్సెక్కి ఆదోనికి పోయి ప్రెస్సులో సేరినా. ఎప్పుడంటే, కర్నూలు రాజధానిగా ఉండె సూడు, ఆ రోజులు. అణా ఇస్తే ఆదోని బజార్లో దోసె వచ్చేది, దోసె అంటే ఇప్పటి మాదిరి కాగితం గాదు, దుప్పటంత. అది సరే. నాకు ఇరవై రెండు ఉంటాయి. ఇరవై రెండు గాదు, ఇరవై మూడు. మీ అవ్వను అడిగితే సరిగ్గా సెప్తాది.

ఖాదర్ సాబు మంచి మనిషి, నోరు మాత్రం మంచిది గాదు. ఆయప్ప మద్రాసు నుంచి ఒక ఇంగ్లీషు టైపు తెప్పించినాడు. సీసం అక్షరాలు, ఒక్కోటి నా బొటనవేలంత. దానికేదో దొర పేరుండె, మా నోట్లో తిరగక మేమంతా పైల్వాన్ టైపు అనేవాళ్ళం. సూస్తే నువ్వు గూడా అదే అంటావు. నిలువు గీతలు లావు, అడ్డం గీతలు సన్నం. ప్రతి గీత సివర్లో సిన్న పాదం. ఇప్పుడు నీ ఫోన్లో ఉండే అక్షరాలకు పాదాలు లేవు సూడు, ఒంటికాలి మీద నిలబడినట్లుంటాయి. దానికట్ల గాదు. కింద పాదాలు పరిసి, నేల మీద గట్టిగా కూర్చున్నట్లుండేది. ఎంత మురికి కాగితం మీద కొట్టినా, ఇంకు తక్కువైనా ఎక్కువైనా, పాదాలతో గూడా పడేది.

అందుకని అన్నిటికీ అదే కావాల అనేవాళ్ళు. పత్తి మిల్లుల వాళ్ళకు బేళ్ళ మీద అతికించే సీటీలు అదే. మార్కెట్లో వేలం నోటీసు అదే. ఉరుకుంద ఈరన్న జాతరకు బస్సుల నోటీసులో ఇంగ్లీషు ముక్క అదే. ఒకాయన పెళ్ళిపత్రికకు గూడా అదే కావాలన్నాడు. నేను వద్దన్నా. పెళ్ళికూతురు పేరు ఆ టైపులో పెడితే పిల్ల కుస్తీకి వస్తాండాదేమో అనుకుంటారప్పా అన్నా. ఆయప్పకు కోపం వచ్చింది, ఖాదర్ సాబు నవ్వి పక్కకు పిలుసుకపోయినాడు. యాడ వాడాల్నో యాడ వాడగూడదో నాకు బాగా తెలుసు.

అయితే ఆ టైపుతో ఒక తంటా ఉండె. మద్రాసోళ్ళు ఇంగ్లీషు మాటల లెక్కకు అక్షరాలు పోసి పంపుతారు. వాళ్ళ మాటల్లో ఈ అనే అక్షరం ఎక్కువంట. అందుకని ఈలు బోలెడు. ఏలు మూడే మూడు. మన పేర్లు సూడు, యాడ సూసినా ఏనే. రంగన్నలో ఏ, ఈరన్నలో ఏ, ఆదోనిలో ఏ. ఆ మూడిట్లో ఒకటి ఒకరోజు నా సేతిలోంచే జారి బండ మీద పడి మూతి పగిలింది. ఇంక రెండే. ఖాదర్ సాబు నన్ను తిట్టిన తిట్లు నీకు సెప్పగూడదు. మద్రాసుకు జాబు రాసినాడు గానీ, ఒక్క అక్షరం కోసం వాళ్ళు పంపుతారా, ఇంకేదన్నా సరుకు తెప్పించినప్పుడు పంపుతామన్నారు.

అప్పుడు నేనొక ఉపాయం కనిపెట్టినా. వీ అక్షరం ఉండాది గదా, దాన్ని తలకిందులు సెయ్యి. ఏ అయితాది, అడ్డగీత ఒకటే తక్కువ. ఇంకొకటి సెప్తా ఇను, ఆ టైపులో ఏకు ఎడమ కాలు సన్నం, కుడి కాలు లావు. వీకి ఎడమది లావు, కుడిది సన్నం. తిప్పేసరికి సరిగ్గా కుదురుతాది. పాదాలు గూడా కిందికే వస్తాయి. మిల్లోళ్ళ నోటీసుల్లో అట్ల రెండు మూడు సార్లు కొట్టినా. ఒక్కరు కనుక్కోలేదు. దొరల దగ్గర సదువుకున్న గుమాస్తాలు గూడా కనుక్కోలేదు. నాకు ఒళ్ళంతా గర్వమే.

ఇంక నాగమ్మ సంగతి. నాగమ్మ మొగుడు సనిపోయి ఏడాది అయింటాది. ఇంట్లో రెండు మగ్గాలు, ఒక కూతురు. నాగమ్మ నేసిన సీరలన్నీ ఊర్లో ఒక సావుకారు తీసుకునేవాడు. సీర మీద సావుకారు పేరు సీటీ అతికించేవాడు. అది అప్పట్లో మామూలే, నేసినోళ్ళ పేరు ఎవరడిగినారు. మొగుడు పోయినాక ఆ సావుకారు ఏమన్నాడంటే, ఆడమనిషివి ఇంట్లో మగ్గాలు యాడ నడుపుతావు, పీకేసి తెచ్చి నా షెడ్డులో పెట్టు, ఆడికే వచ్చి కూలికి నెయ్యి అన్నాడు. నాగమ్మకు అది సచ్చినా ఇష్టం లేదు. మగ్గం ఇంట్లోంచి పోతే ఇంక తిరిగి రాదని ఆయమ్మకు తెలుసు, అట్ల పోయిన మగ్గాలు శానా సూసింది.

అప్పుడు బళ్ళారి నుంచి వచ్చే ఒక శెట్టి, సావుకారు అంగట్లో ఈ సీరలు సూసి, ఇవి ఎవరు నేసినారని కనుక్కోని ఇంటికొచ్చినాడు. కన్నడమాయన. తెలుగు అరకొర వస్తాది, సదవడం రాదు, ఇంగ్లీషైతే కూడబలుక్కోని సదువుతాడు. నాగమ్మకేమో ఏ సదువూ రాదు, వేలిముద్రే. ఆ శెట్టి ఏమన్నాడంటే, శ్రావణమాసంలో సోమవారం ఈరన్న మొక్కుబడికి ఉరుకుందకు వస్తా, నీ సీరలు ఆడికి తే, ప్రతి సీర మీద నీ పేరు ఇంగ్లీషులో ఉండాల, ఆ గుర్తుతోనే బళ్ళారిలో అమ్ముకుంటా, నచ్చితే ఏడాది పొడుగునా తీసుకుంటా. అంతే మాట. ఆ సీటీ కుదిరితే మగ్గాలు ఇంట్లో ఉంటాయి. లేకుంటే సావుకారు షెడ్డు.

నాగమ్మ బస్సెక్కి ఆదోనికొచ్చి ఖాదర్ సాబుకు సెప్పింది, గట్టిగా ఉండే అక్షరం వెయ్యప్పా అని. ఆయన పైల్వాన్ టైపు సూపించినాడు. బాగుండాదనింది. పనేమో నాకు అప్పగించి ఆయన కర్నూలుకు పోయినాడు, ఏదో ఆఫీసు ఫారాల పని మీద.

ఇప్పుడు నువ్వే లెక్కపెట్టు. నాగమ్మ అని ఇంగ్లీషులో రాస్తే ఏలు ఎన్ని? మూడు. నా దగ్గరుండేది రెండు. నేనొక్క నిమిషం గూడా ఆలోచన సేయలేదు. మొదటిది నిజం ఏ, సివరిది నిజం ఏ, నడిమిది తలకిందుల వీ. ఎవరు సూస్తారులే అనుకున్నా. ఆయమ్మకు సదువే రాదు గదా అనుకున్నా. నిజం సెప్తాండా, అదే అనుకున్నా. ఐదు నూర్ల సీటీలు దిట్టమైన తెల్లకాగితం మీద నల్లింకుతో కొట్టించి, ఆరబెట్టి, కట్ట కట్టి పెట్టినా.

శనివారం మధ్యాహ్నం వచ్చింది నాగమ్మ. జాతర ఎల్లుండి. తల నిండా కొంగు, సేతిలో ఒక సంచి. కట్ట విప్పి ఒక సీటీ తీసుకోని, వాకిట్లో వెలుతురుకు పోయి పట్టుకోని సూసింది. సూసినట్లు గాదు, బట్ట సూస్తారు సూడు నేసేటోళ్ళు, ఒక కొస నుంచి ఇంకో కొసకు, అట్ల సూసింది. సూసి నా దగ్గరికొచ్చింది.

"అప్పా, ఇవి మూడు ఒకటేనా?" అనింది, వేలు పెట్టి సూపిస్తా.

"ఒకటేనమ్మా. ఏ అంటారు దాన్ని," అన్నా.

"మరి ఈ నడిమి దానికి పేక పడలేదే?"

పడుగు పేక తెలుసు గదా నీకు, నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. ఆయమ్మకు అది అక్షరమని తెలీదు, ఏ అని తెలీదు, నిలువు లావు పోగులు అడ్డం సన్నం పోగులు మాత్రం తెలుసు. ఒక పేక పడలేదని ఒక్క సూపులో కనిపెట్టేసింది. మిల్లు గుమాస్తాలు కనుక్కోలేనిది.

నేను అబద్ధం సెప్పినా పాపా. "ఒక్కోసారి అట్ల గూడా రాస్తారులేమ్మా, సదువుకున్నోళ్ళు," అన్నా.

ఆయమ్మ కోప్పడలేదు. నా మొగం సూసి, "ఎవరింటోనివప్పా నువ్వు?" అనింది.

"యెమ్మిగనూరే. సిద్దన్న కొడుకుని."

"మగ్గం సిద్దన్న కొడుకువా," అనింది. సీటీ నా ముందర పెట్టింది. "మీ నాయన బట్టలో పేక తప్పితే ఏం సేస్తాడు?"

మా నాయన ఒక్క పేక తప్పిందని తెలిస్తే నేసిందంతా ఆడిదాకా విప్పి మళ్ళా నేసేవాడు. అన్నం గూడా తినేవాడు గాదు అదయ్యేదాకా. నాకు సిగ్గయింది. కోపం గూడా వచ్చింది, సిగ్గయితే కోపం వస్తాది గదా మనకు. టైపులో ఏలు రెండే ఉండాయి, నన్నేం సెయ్యమంటావు, నేను యాడ నుంచి తేవాల అని గట్టిగానే అన్నా.

"నాకదేం తెలుసు," అనింది. "ఆ శెట్టికి నా మాట అరకొరే, నాకు ఆయప్ప సదువు తెలీదు. ఎల్లుండి ఆయప్ప సేతిలో నా తరపున మాట్లాడేది ఇదొక్కటే. నా సీరలో తప్పు లేదు. ఈ కాగితంలో తప్పు పెట్టుకోని నేను పోను." అని బల్ల మీద కూర్చునింది. పోదు. బస్సు ఐదింటికి. టైము రెండు.

నేను ఆ సీటీనే సూస్తా కూర్చున్నా. అప్పుడు తట్టింది. ఆ టైపులో ఏకు అడ్డగీత సన్నం అని సెప్పినా గదా. మా దగ్గర ఇత్తడి రేకు ముక్కలుంటాయి, నోటీసుల్లో గీతలు కొట్టేకి. అంతే సన్నం. ఒక ముక్క ఆ తలకిందుల వీ కాళ్ళ నడుమ పట్టేంత కోసి, అదొక్కటే మిషన్లో కట్టి, అచ్చయిన సీటీలనే మళ్ళా ఒకటొకటి పెట్టి ఇంకోసారి కొడితే, సరిగ్గా ఆ సందులో గీత పడతాది. ఐదు నూర్లు. ఒకటొకటి. సరే, కానీ అనుకున్నా.

కోసినా, కట్టినా. మిషను కాలితో తొక్కేది. రోజూ తొక్కేది మస్తాను, వాళ్ళింట్లో బిడ్డకు జొరమని ఆ పొద్దు రాలేదు. నేను అక్షరం పేర్చేవాడినే గానీ తొక్కేవాడిని గాదు. కాలు తొక్కితే సెయ్యి ఆగుతాది, సెయ్యి పెడితే కాలు ఆగుతాది. మొదటి సీటీలో గీత అక్షరం కాలు మీద పడింది. రెండోది బయట పడింది. పది సీటీలు పాడైనాయి, ఇరవై పాడైనాయి. సెమటలు కారుతాండాయి. నేనేదో పెద్ద పనిమంతుడని ఊరంతా అనుకుంటాండె, ఒక్క గీత పెట్టలేక సస్తాండా.

నాగమ్మ లేసి వచ్చింది. మిషను కింద ఆ తొక్కుడుపలక సూసింది. కొంగు నడుముకు సుట్టుకునింది. "జరుగప్పా," అనింది. "నువ్వు కాగితం పెట్టు సాలు. కాలు నాకొదిలెయ్యి."

ఆయమ్మ కాలు పెట్టినాక ఆ మిషను వేరే మిషను అయిపోయింది పాపా. అబద్ధం గాదు. మగ్గం తొక్కిన కాలు గదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే లెక్క, ఎక్కువ లేదు తక్కువ లేదు. టక్కు, టక్కు, టక్కు. ఎప్పుడు మూసుకుంటాదో ఎప్పుడు తెరుసుకుంటాదో నా సేతికి తెలిసిపోయింది. నేను పెడతాండా, తీస్తాండా. సిన్నప్పుడు మా నాయన మగ్గం పక్కన పడుకోని ఇదే సప్పుడు ఇనేవాడిని. ఆ గుంత వద్దని పారిపోయి వచ్చినోన్ని, ఆదోనిలో నిలబడి మళ్ళా అదే సప్పుడులో పని సేస్తాండా. నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఆయమ్మ సూడలేదు. సూసిందేమో, కాలు మాత్రం ఆపలేదు.

మొదట సరిగా పడిన సీటీ సేతికిచ్చినా. వెలుతురుకు పట్టి సూసి, "రవంత కిందికి దిగింది," అనింది. నిజమే, మిగతా రెండిట్లో గీత కంటే నడిమిది ఒక వెంట్రుక కిందుండాది. ఆపి పైకి జరుపుతానమ్మా అన్నా. "వద్దు, బస్సు పోతాది. పేకైతే పడింది గదా. సేత్తో సేసింది అట్లే ఉంటాది," అనింది. నాలుగున్నరకు అయిపోయినాయి. సీటీలు సంచిలో ఏసుకోని పోయింది. పోతా పోతా, మీ నాయనను సూసి ఎన్నాళ్ళయింది, ఒకసారి ఇంటికి పో అనింది.

సోమవారం నేను ఉరుకుందకు పోయినా. ఈరన్న దర్శనమని సెప్పినా గానీ, ఆ సీటీ ఏమయితాదో సూడాలనే పోయినా. ఇసుకేస్తే రాలదు, అంత జనం. నాగమ్మ ఒక కొట్టం పక్కన దుప్పటి పరిసి సీరలు పెట్టుకోనుండాది, పక్కన కూతురు. మీ అవ్వే. మొగం సరిగా సూడలేదులే అప్పుడు, కొంచెం సూసినా. శెట్టి వచ్చినాడు. సీర ఇప్పి వేళ్ళతో నలిపి సూసినాడు, తిరగేసి సూసినాడు. సీటీ మీద వేలు పెట్టి నిదానంగా సదివినాడు, నా-గ-మ్మ అని. "చెన్నాగిదె," అన్నాడు. బాగుందని.

ఆయమ్మ మొగం అప్పుడు సూడాల. ఇరవై ఏండ్లు నేసింది, నేసిన బట్ట మీద తన పేరు ఇంకొకరు సదవంగా ఇనింది అదే మొదలు. కూతురి సెయ్యి పట్టుకోని కూర్చునిపోయింది. శెట్టి అన్ని సీరలూ తీసుకున్నాడు, ఎప్పుడు పంపినా ఇదే సీటీ ఉండాలన్నాడు. మగ్గాలు కదల్లేదు. ఆ రెండు మగ్గాలూ ఆ ఇంట్లోనే, ఆయమ్మ పోయేదాకా ఆడినాయి.

నేను ఆ వారమే ఇంటికి పోయి మా నాయనను సూసినా. మరుసటేడు నాగమ్మ మా నాయన దగ్గరికొచ్చి సంబంధం అడిగింది. మా నాయనకు అనుమానం, మగ్గం వదిలిపెట్టి పోయినోడు వీడు, వీనికెట్ల ఇస్తావమ్మా అన్నాడంట. "అబద్ధం సెప్పినాడు గానీ, సెప్పినాక సిగ్గుపడినాడు. ఐదు నూర్లు ఒకటొకటి సరిసేసినాడు. నాకు సాలు," అనిందంట. మీ అవ్వ ఇప్పటికీ అదే మాట ఎత్తిపొడుస్తాది, అబద్ధాలోడా అని.

ఇంకొకటి మరిసిపోయినా. మద్రాసు నుంచి కొత్త ఏలు వచ్చినాయి, రెండేండ్లకు. నేను సంబరంగా మూడు నిజం ఏలు పెట్టి, మా అత్తకు కొత్త సీటీ కొట్టి తీసుకపోయినా. వెలుతురుకు పట్టి సూసింది. "ఇది నాది గాదు రంగన్నా," అనింది. "శెట్టి మూట ఇప్పుతానే ఆ నడిమి గీత మీద వేలు పెట్టి సూస్తాడు. అది కిందికుంటేనే నాగమ్మ." అంతే ఇంక, ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ సీటీ తలకిందుల వీతోనే, రెండుసార్లు మిషన్లో పెట్టి కొట్టినా. ఖాదర్ సాబు తల కొట్టుకునేవాడు.

ఏం సేస్తాండావు ఫోన్లో, ఇంటాండావా లేదా? ఓ, మార్పిస్తాండావా. ఎవరితో, ఆ పిలగాడితోనేనా. పాదాలుండే అక్షరం పెట్టమను. ఆఁ, అది. అట్ల. లావుగా ఉండాది, కూర్చునుండాది. మూడింటికీ గీతలు వచ్చినాయి. ఇట్ల తే, దూరంగా పట్టు.

బాగుండాది పాపా. సల్లగా ఉండు, నీ అంగడి నిండా జనం రావాల, మీ అవ్వ వాళ్ళమ్మ పేరు నిలబెడతావు నువ్వు. ఇంకొక్క మాట సెప్పు ఆ పిలగాడికి. నడిమి దాంట్లో గీత రవంత కిందికి దించమను. ఎక్కువొద్దు, ఒక వెంట్రుక. ఎందుకని అడిగితే, మా తాత అట్లే పెట్టమన్నాడని సెప్పు...